ఎంతవరకు గార్డియన్?

పద్దెనిమిదేళ్లు నిండినా తన వ్యవహారం తాను చూసుకోలేని బిడ్డ ఉన్న ఇంట్లోనూ, నిన్నటిదాకా లెక్కలన్నీ తానే నడిపి ఇవాళ స్పృహ లేకుండా పడివున్న మనిషి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: ఇకమీదట సంతకం ఎవరు పెట్టాలి? మన చట్టాల్లో దీనికి జవాబు ఒకచోట దొరకదు. దొరికిన నాలుగు చోట్లా ఒకే మాట లేదు. ఈ చిక్కును ఇద్దరి మధ్య వాదంగా పెడితే తేటపడుతుందని ఇలా రాస్తున్నాను. బాబాయి బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి. గార్డియన్‌కు పూర్తి అధికారం ఉండాలన్నది ఆయన పట్టు. ఆయన అన్నకూతురు జిల్లా కోర్టులో లాయరు. అధికారాన్ని అవసరమున్న మేరకే, గడువు పెట్టి, లెక్క అడిగే షరతుతో ఇవ్వాలంటుంది. నేను ఆమె పక్షం. అయినా బాబాయి అడిగేవి ఎందరో తల్లులు రోజూ అడుగుతున్న ప్రశ్నలే కనుక వాటిని పలచన చేయలేదు.

బాబాయి: పిల్లవాడికి పద్దెనిమిది నిండేదాకా పాస్‌బుక్కులో గార్డియన్‌గా తల్లి పేరుంటుంది. మర్నాటి నుంచి ఆ పేరుకు విలువ లేదు. బ్యాంకు ఖాతాదారుడి సంతకం కొత్తగా అడుగుతుంది, కొత్త ఫొటో, గుర్తింపు కాగితాలు అన్నీ అడుగుతుంది. ఇరవై ఏళ్ల ఒళ్లూ నాలుగేళ్ల బుద్ధీ ఉన్న కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఆ తల్లి కౌంటరు దగ్గర నిలబడితే లోపల కూర్చున్నవాడు ఏం చేస్తాడు చెప్పమ్మా? వేలిముద్ర వేయించుకుని డబ్బిచ్చాడనుకో, రేపు ఇంకెవరో అదే వేలిముద్రతో ఖాతా ఊడ్చేసినా ఆపే దారి లేదు. ఇవ్వలేదనుకో, ఆ ఇంట్లో మందులు ఆగిపోతాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే మతి స్థిమితం లేనివాడు చేసిన ఒప్పందం చెల్లదంటోంది కదా. అందుకే నేననేది ఇది: కోర్టు గానీ కలెక్టరు గానీ ఒక్కసారి విచారించి, తల్లికో తండ్రికో గార్డియన్ కాగితం ఇవ్వాలి. అది అన్నిటికీ పనిచేయాలి, జీవితాంతం పనిచేయాలి. బ్యాంకుకూ రిజిస్ట్రారు ఆఫీసుకూ ఆస్పత్రికీ అదే చూపించాలి. ఆ పిల్లవాడి బాగు కన్నవాళ్లకంటే ఎక్కువ కోరేది ఎవరు?

లాయరు: కాగితం కావాలన్న మాట నిజం బాబాయ్. దాని గురించి మనకు తగాదా లేదు. తగాదా అంతా 'అన్నిటికీ', 'జీవితాంతం' అన్న రెండు మాటల దగ్గరే. మీరు చెప్పిన 1872 చట్టాన్నే తీయండి. 12వ సెక్షను మనుషుల్ని మతి ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండు గుంపులుగా విడదీయలేదు. ఒప్పందం చేసుకునే సమయానికి ఆ మనిషి ఆ ఒప్పందాన్ని అర్థం చేసుకోగలడా, దానివల్ల తనకు మేలో కీడో తేల్చుకోగలడా అని మాత్రమే అడిగింది. దాని కింద ఇచ్చిన ఉదాహరణ చూడండి: పిచ్చాసుపత్రిలో ఉన్న రోగి కూడా మనసు కుదురుగా ఉన్న వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చునట. నూటయాభై ఏళ్ల కిందటి తెల్లదొరల చట్టం ఆసుపత్రి గోడల మధ్య ఉన్న రోగికి ఇచ్చిన వెసులుబాటు ఇది. మీరడిగే కాగితం దాన్ని కూడా తీసేస్తుంది. నిర్ణయించుకునే శక్తి అన్ని విషయాల్లో ఒకేలా ఉండదు. ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరి దగ్గర ఉండాలో, వర్క్‌షాపులో కవర్లు అతికించే పనికి వెళ్లాలో వద్దో చెప్పగలిగిన కుర్రాడు రెండెకరాల అమ్మకం దస్తావేజు అర్థం చేసుకోలేకపోవచ్చు. దస్తావేజు అర్థం కాలేదని అతని చేతిలోంచి చొక్కా ఎంపిక కూడా లాగేసుకోవడం ఎందుకు? 2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షను ఆ తేడాను గుర్తించే 'పరిమిత గార్డియన్' అంది. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషితో మాట్లాడి, అతని ఇష్టాన్ని అనుసరించి నడుచుకోవాలంది. పాత చట్టాల కింద నియమించిన గార్డియన్లనూ ఇక పరిమిత గార్డియన్లుగానే ఎంచాలని అదే సెక్షను చెప్తోంది.

బాబాయి: చట్టం చదవడానికి బాగుంది. అమలు మాట చెప్పు. మాటే రానివాణ్ణి ఏమని సంప్రదిస్తావు? పోనీ, ఫలానా నిర్ణయానికి ఫలానా కాలం అన్నావు. ఈ ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్‌కు ఒక పిటిషను, వచ్చే ఏడాది ఆపరేషనుకు ఒక పిటిషను, ఆ పై ఏడాది ఇంటి పన్ను పేరు మార్పిడికి మరొకటి. మండలం నుంచి జిల్లా కోర్టుకు వచ్చిపోయే ప్రతిసారీ ఆ తల్లికి కూలి పోతుంది. ఆమె లేని పూట ఆ పిల్లవాడికి అన్నం పెట్టేవాళ్లుండరు. స్వేచ్ఛ పేరుతో మీరు ఆమె నెత్తిన వాయిదాలు పెడుతున్నారు.

లాయరు: వాయిదాల మాట కాదనలేను. కోర్టులో తిరిగేదాన్ని కనుక మీకంటే నాకే బాగా తెలుసు. అయితే దారి ఒక్క కోర్టే కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు, ఈ నాలుగింటికీ 1999 నేషనల్ ట్రస్టు చట్టం ఉంది. దాని కింద జిల్లాకొక లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగుడు అందులో సభ్యులు. దరఖాస్తు కలెక్టరేట్‌లో పెట్టుకోవచ్చు, దావా వేయనక్కర్లేదు. ఆ కమిటీ ఏం చూడాలో చట్టం రెండే ముక్కల్లో చెప్పింది: ఈ మనిషికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏ పనులకు. రెండో ప్రశ్నను చాలాచోట్ల అడగరు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం చూసి, తల్లి ఆధార్ చూసి, కాగితం ఇచ్చేస్తారు. మీరు కోరే 'అన్నిటికీ' అన్నది ఆ అడగని ప్రశ్నలోంచే వచ్చింది. ఇక పదేపదే కోర్టుకు రావలసిన మనిషి సంగతికి 2016 చట్టంలోనే జవాబుంది. అలాంటివారికి పూర్తి మద్దతు ఏర్పాటు చేయవచ్చు, కాకపోతే దాన్ని తిరిగి సమీక్షించాలి. ఫ్యామిలీ పెన్షను లాంటి ఒకటి రెండు విషయాలకైతే ఇంతదూరం రావలసిన పనే లేదు. బిడ్డ పెన్షను ఎవరి ద్వారా అందాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి బతికుండగానే నామినేషను రాసిపెట్టవచ్చు. అలా రాసి ఉన్నప్పుడు కోర్టు గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకులు పట్టుబట్టకూడదని కేంద్ర పెన్షన్ల శాఖే చెప్పింది. పట్టుబట్టే బ్రాంచిలున్నాయంటే ఆ తప్పు చట్టానిది కాదు.

మాటే రానివాణ్ణి ఎలా అడుగుతావన్నారు. ఇరవై ఏళ్లుగా ఆ పిల్లవాడికి ఏ కూర ఇష్టమో, ఎవరు ముట్టుకుంటే ముడుచుకుపోతాడో, ఏ గదిలో నిద్రపడుతుందో తల్లికి తెలుసు. అతను చెప్పకుండానే తెలుసు. చట్టం అడిగే ఇష్టం అదే. గార్డియన్ తన సౌకర్యం చూసుకోకుండా ఆ తెలిసినదాన్నిబట్టి నడవాలంటోంది, అంతే. మంచి తల్లి రోజూ చేసేది ఇదే. మంచివాళ్లు కానివారి చేత చేయించడానికే నియమం.

బాబాయి: సరే. ఇంకొక సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. లెక్కలు. కడుపున పుట్టినవాడి డబ్బుకు తల్లి ఏటేటా సర్కారుకు లెక్క చెప్పాలా? నేషనల్ ట్రస్టు చట్టంలో ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వమన్నారు, ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో జమాఖర్చులు ఇవ్వమన్నారు. ముగ్గురు పిల్లల్లో ఒకడికి వైకల్యం ఉంటే ఆ తల్లి ఇంటి ఖర్చును విడదీసి బియ్యం ఇతనికింత, నూనె ఇతనికింత అని రాయగలదా? ఇది ఆమెను దొంగలా చూడటమే.

లాయరు: బియ్యం నూనె లెక్క ఎవరూ అడగరు బాబాయ్, అడగకూడదు కూడా. అడిగేది ఆస్తి లెక్క. మీకు కొత్తగా అనిపిస్తున్నది నిజానికి కొత్త కాదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షను ప్రకారం సహజ గార్డియన్ అయిన కన్నతండ్రయినా సరే మైనరు బిడ్డ పేరనున్న భూమిని కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు, ఐదేళ్లు దాటి కౌలుకైనా ఇవ్వలేడు. ఆరేళ్ల పిల్లవాడి విషయంలో కన్నవాళ్లకు ఆ హద్దు ఉందని మనమెవరం దొంగతనం అంటగట్టినట్టు అనుకోలేదు. మీరు కోరేది ఏమిటో చూడండి: ఆరేళ్ల మైనరు మీద లేని అధికారాన్ని ముప్పై ఏళ్ల మనిషి మీద ఇవ్వమంటున్నారు. వయసు పెరిగేకొద్దీ రక్షణ తగ్గాలా?

ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ లెక్కలు తల్లిని ఉద్దేశించి పుట్టలేదు. ఆమె తర్వాత వచ్చేవాళ్ల కోసం పుట్టాయి. వికలాంగ బిడ్డ ఉన్న తల్లిదండ్రులను రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది ఒకటే ప్రశ్న, మేం పోయాక వీడి గతి ఏమిటని. అన్నదమ్ముల్లో ఒకరు గార్డియన్ అవుతారు. తండ్రి ఆస్తిలో ఆ పిల్లవాడికి సమాన వాటా ఉంటుంది. అతనికి పెళ్లాం పిల్లలు ఉండకపోవచ్చు. అతని వాటా ఎవరికి చేరుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. గార్డియనే రేపటి వారసుడైనప్పుడు, ఆ గార్డియన్ చేతిలో జీవితాంతపు కాగితం, అన్నిటికీ పనిచేసే కాగితం పెడితే ఏమవుతుంది? అందుకే 2016 చట్టం 13వ సెక్షను, ఏదైనా ఆస్తి లావాదేవీలో సాయం చేసేవారి లాభమూ ఆ మనిషి లాభమూ తగాదా పడితే వారు ఆ లావాదేవీ నుంచి తప్పుకోవాలంది. అదే నోటితో, రక్తసంబంధం ఉన్నంత మాత్రాన తగాదా ఉందని ఊహించకూడదనీ చెప్పింది. తల్లిని దొంగలా చూడలేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? తొలిఏట తల్లి రాసిపెట్టిన ఆస్తుల జాబితా ఇరవై ఏళ్ల తర్వాత కొడుకు పక్షాన మాట్లాడే ఏకైక సాక్షి కావచ్చు. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా గార్డియన్‌ను తొలగించే నేషనల్ ట్రస్టు చట్టం 17వ సెక్షను పనిచేయాలంటే, మొదట ఆస్తి ఎంతో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

బాబాయి: నువ్వు చెప్పేవన్నీ చెడ్డ బంధువుల కథలు. అమెరికాలో పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ కథ కూడా చెప్తావు కాబోలు. అక్కడ కోట్ల డబ్బు కోసం తండ్రి కూతుర్ని పట్టుకున్నాడు. మన దగ్గర బాధ అందుకు తలకిందులు. బాధ్యత తీసుకుంటానని ముందుకొచ్చేవాడే దొరకడు. వచ్చినవాణ్ణి ఇన్ని షరతులతో బెదరగొడితే వాడూ పారిపోతాడు.

లాయరు: ఆమె సంగతి మీరే తెచ్చారు కనుక ఒక్క మాట. ఆమె మీద కోర్టు పెట్టిన గార్డియన్ ఏర్పాటు 2008లో మొదలై 2021 నవంబరులో రద్దయ్యేదాకా పదమూడేళ్లు నడిచింది. ఆ పదమూడేళ్లలో ఆమె పాటల ఆల్బములు చేసింది, లాస్ వేగాస్‌లో ఏళ్ల తరబడి ప్రదర్శనలిచ్చింది. వేదికెక్కి అంత పని చేయగలిగిన మనిషికి తన డబ్బు మీద మాట లేదు. నాకు ఇందులో కనబడేది తండ్రి చెడ్డతనం కంటే కూడా గడువు లేకపోవడం. ఇంకా అవసరమా అని ఎవరైనా నిజంగా అడిగి ఉంటే అది పదమూడేళ్లు సాగేది కాదు. ఆ దేశంలోనే ఇంకో దారీ ఉంది. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం 2015లో, గార్డియన్ లేకుండానే తనకు నచ్చిన మనిషి సాయంతో నిర్ణయాలు తీసుకునే ఒప్పందానికి చట్టం చేసింది. ఆటిజం ఉన్న బిడ్డకు పద్దెనిమిది వస్తున్నదని అక్కడి తెలుగు తల్లిదండ్రులు లాయరు దగ్గరకు పరుగెత్తే ముందు ఆ దారి తమకు సరిపోతుందేమో చూసుకోవచ్చు. పెరూ 2018లో, స్పెయిన్ 2021లో ఇంకా ముందుకెళ్లి, వైకల్యం పేరుతో మనిషి హక్కులన్నీ గార్డియన్‌కు ధారపోసే పాత పద్ధతిని మార్చుకున్నాయి. మనమూ 2007లోనే ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించాం. చట్టం ముందు అందరితో సమాన స్థాయి అన్న దాని 12వ అధికరణానికి మాట ఇచ్చినవాళ్లమే.

బాబాయి: ఆడపిల్ల విషయంలోనూ ఇదే అంటావా? మనసు ఎదగని పిల్ల మీద ఎవడో అఘాయిత్యం చేస్తే, ఆమెకు కడుపొస్తే, అప్పుడూ ఆమె ఇష్టమే అడుగుతావా? అక్కడ పెద్దవాళ్లు నిర్ణయించాలి. అదే దయ.

లాయరు: సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2009 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పుంది. చండీగఢ్‌లో స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్న ఒక యువతి, అనాథ, ప్రభుత్వ సంరక్షణ సంస్థలో ఉంటూ అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీయించాలని చండీగఢ్ పాలనాయంత్రాంగం అడిగింది, హైకోర్టు ఒప్పుకుంది. ఆమె బిడ్డను కంటానంది. సుప్రీంకోర్టు హైకోర్టు ఉత్తర్వును పక్కనబెట్టింది. గర్భస్రావ చట్టంలో గార్డియన్ అనుమతి చాలునన్న మినహాయింపు మైనర్లకు, మానసిక రోగులకే ఉంది, 2002 సవరణ బుద్ధిమాంద్యాన్ని అందులోంచి తప్పించింది, కనుక ఆమె సమ్మతి లేకుండా చేయడానికి వీల్లేదంది. ఆ కేసులో గార్డియన్ ఎవరో గుర్తుంచుకోండి బాబాయ్. ప్రభుత్వం. అఘాయిత్యం జరిగింది ఆ ప్రభుత్వ సంస్థ గోడల లోపలే. పూర్తి అధికారం ఉన్న సంరక్షకుడు ఆమెను కాపాడలేకపోయాడు. కాపాడలేకపోయిన తర్వాత, మిగిలిన ఒక్క నిర్ణయాన్నీ ఆమె తరఫున తానే తీసుకుంటానన్నాడు. దయ అని మీరంటున్నది ఆమె పక్కన నిలబడాల్సింది, ఆమె స్థానంలో కాదు. వైద్యం, ఉండటానికి చోటు, బిడ్డను పెంచడంలో సాయం, ఇవన్నీ ప్రభుత్వం చేయాలి. ఆమె 'అవును, కాదు' మాత్రం ఆమెదే.

బాబాయి: ఇందాకటి నుంచి కాస్తో కూస్తో మాట చెప్పగలిగేవాళ్ల గురించే మాట్లాడుతున్నావు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి నెలల తరబడి కోమాలో ఉన్నవాడి మాటేమిటి? పక్షవాతం వచ్చి, మతిమరుపు ముదిరి, భార్యనే గుర్తుపట్టని పెద్దాయన మాటేమిటి? ఆయన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చి ఉన్నా లాభం లేదు. అదే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం రాసిచ్చినవాడికి మతి తప్పిన రోజే ఆ అధికారమూ పోతుంది. ఏ రోజు కోసం మనిషి ముందుజాగ్రత్తగా కాగితం రాసుకుంటాడో సరిగ్గా ఆ రోజే అది చెల్లకుండా పోతుంది! 2017 మానసిక ఆరోగ్య చట్టం నామినేటెడ్ ప్రతినిధి అంది, కానీ అది వైద్యం వరకే. 1912 చట్టంలో, 1987 చట్టంలో మతి తప్పినవాడి ఆస్తికి మేనేజరును పెట్టే ఏర్పాటు ఉండేది. కొత్త చట్టం పాతదాన్ని రద్దు చేస్తూ దాన్నీ ఊడ్చేసింది. ఇప్పుడా ఇల్లాలు ఆస్పత్రి బిల్లు కట్టడానికి భర్త ఖాతాలో డబ్బున్నా తీయలేదు. ఇక్కడైనా నా మాట ఒప్పుకుంటావా?

లాయరు: ఇక్కడ ఒప్పుకుంటాను. కోమాలో ఉన్న మనిషికి పూర్తి స్థాయి గార్డియన్ కావాలి. అందుకు పార్లమెంటు చట్టం చేయకపోవడం సిగ్గుపడాల్సిన సంగతి. ఆ ఖాళీని హైకోర్టులు రాజ్యాంగం 226వ అధికరణం కింద నింపుతున్నాయి. 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది: పిటిషనులో ఆస్తులన్నీ చూపాలి, మెడికల్ బోర్డు రోగిని పరీక్షించాలి, తహసీల్దారుకు తగ్గని రెవెన్యూ అధికారి ఇంటికెళ్లి దగ్గరి బంధువులెవరో, ఆర్థిక స్థితి ఏమిటో విచారించాలి, గార్డియన్ ఆరు నెలలకోసారి లావాదేవీల నివేదిక హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు ఇవ్వాలి. 2020లో ఢిల్లీ, అలహాబాదు హైకోర్టులూ అదే బాట పట్టాయి. 2024లో మద్రాసు హైకోర్టు ముందు ఒక ఇల్లాలి కేసు వచ్చింది. భర్త కోమాలో ఉన్నాడు, వైద్యానికీ ఇంటికీ డబ్బు కావాలి, ఆయన ఆస్తి అమ్మితే తప్ప గతిలేదు. సివిల్ కోర్టుకు వెళ్లమన్న కింది ఉత్తర్వును డివిజన్ బెంచి కొట్టేసి ఆమెను గార్డియన్‌గా నియమించింది. అమ్ముకోమంది. అమ్మిన సొమ్ములో యాభై లక్షలు మాత్రం భర్త పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, ఆయన బతికున్నన్నాళ్లూ వడ్డీ వాడుకోమంది. ఆమెను నమ్మింది. ఆయన వాటా కళ్లముందు కనబడేలా పక్కనా పెట్టించింది. రెండూ ఒకే ఉత్తర్వులో ఇమిడాయి. మాట చెప్పలేనంతగా పడిపోయిన మనిషి విషయంలోనే హద్దు, గడువు, లెక్క సాధ్యమైనప్పుడు, మాట చెప్పగలిగినవాడి విషయంలో అవి భారమని ఎలా అంటారు?

మీరు రక్తసంబంధం గురించి ఇందాక గట్టిగా అన్నారు. అరుణా షాన్‌బాగ్ కేసు చూడండి. 1973లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో దాడికి గురైన ఆ నర్సు 2015లో చనిపోయేదాకా అక్కడే మంచానపడి ఉంది. 2011లో ఆమె తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న వస్తే, అన్నేళ్లూ ఆమెకు స్నానం చేయించి, తినిపించి సాకిన ఆసుపత్రి సిబ్బందే ఆమెకు అసలైన ఆత్మీయులని సుప్రీంకోర్టు అంది. కాబట్టి గార్డియన్‌ను ఎంచేటప్పుడు చుట్టరికంతోపాటు చేసిన సేవను కూడా చూడాలి. కూతురు దగ్గరుండి చూసుకుంటుంటే, పేరు మాత్రం ఏనాడూ తొంగిచూడని కొడుకుది పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది మారాలి.

బాబాయి: హైకోర్టు అంటే అమరావతికో హైదరాబాదుకో వెళ్లాలి. ఆస్పత్రి బిల్లు రోజురోజుకూ పెరుగుతుంటే రిట్ వేసి కూర్చోమంటావా? కోమా రోగులకూ, మతిమరుపు వ్యాధి ముదిరినవాళ్లకూ కలెక్టరు స్థాయిలోనే నెలరోజుల్లో నిర్ణయం రావాలి. 201వ సెక్షనులో ఒక మినహాయింపు చేర్చి, తెలివిలో ఉండగా రాసుకున్న జీపీఏ మతి తప్పాక కూడా చెల్లేలా చేయాలి. ఈ రెండూ జరిగితే నీ గడువుకూ నీ లెక్కలకూ నేను అడ్డు చెప్పను. అవి జరగకుండా షరతులు మాత్రం పెడితే ఒప్పుకోను.

లాయరు: ఆ రెండు కోరికల మీదా మీ పక్కనే సంతకం చేస్తాను. ఒక్కటి కలపండి. ఆ జీపీఏలో రాసిచ్చే మనిషే తెలివిలో ఉండగా తేల్చి రాయాలి: ఏ ఆస్తి ముట్టుకోవచ్చు, ఏది తాను పోయేదాకా ముట్టుకోకూడదు, ఎవరికి లెక్క చూపాలి, తనను ఏ ఇంట్లో ఉంచాలి. పుట్టుకతోనే వైకల్యం ఉన్న బిడ్డ ఇలా రాసివ్వలేడు. అందుకని అతని తరఫున గార్డియన్‌షిప్ దరఖాస్తు పెట్టే తల్లిదండ్రులు, దరఖాస్తులో 'ఏ పనులకు' అన్న చోట 'అన్నిటికీ' అని రాయడం మానేసి, ఈ ఏడాది నిజంగా అవసరమైన పనులు మాత్రం రాయాలి. బ్యాంకు ఖాతా, ఫలానా డిపాజిట్, ఫలానా వైద్యం. మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ వేయమని కమిటీని వాళ్లే అడగాలి.

బాబాయి: తేదీ ఎన్నాళ్లకు?

లాయరు: మొదటిసారి మూడేళ్లకు. ఆ మూడేళ్లలో అతను ఏటీఎం వాడటం నేర్చుకుంటే, ఆ ఒక్క పని జాబితాలోంచి తీసేయాలి.